బోర్లించిన బాటిళ్ళు

మంగళవారం, స్కూల్ నుంచి వచ్చాక

పిన్నీ,

...అందుకే నిన్న నీకు రాస్తున్న ఉత్తరం అక్కడితో ఆపేశా. అమ్మ ఆరేసిన బట్టలు తీయడానికి వచ్చింది, నేను కాగితం మడిచి సాక్సులో తోసేశా. తీరా తీసి చూస్తే చెమటకి తడిసి అక్షరాలన్నీ సాక్సుకే అంటుకున్నాయి. కాబట్టి మళ్ళీ మొదటినుంచి.

అయ్యో, మర్యాదలు మర్చిపోయా. పూజ్యులైన పిన్నిగారికి పిట్ట నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వూ నీ బస్సూ క్షేమమని తలుస్తాను. ఉత్తరం అంటే ఇలాగే మొదలవ్వాలని నువ్వే నేర్పావు కదా. ఇందులో మొదటి ముక్క నిజమేనా అని మాత్రం అడక్కు. ఒత్తులు తప్పితే నవ్వకు కూడా, తెలుగులో ఇంత పొడుగు నేను పరీక్షలో కూడా రాయలేదు.

ఎక్కడ కూర్చుని రాస్తున్నానో చెప్పనా? బాత్రూంలో, బకెట్ బోర్లించి దాని మీద. మన ఇంట్లో లోపల గడియ ఉన్న గది ఇదొక్కటే. నాకు ఫోన్ లేదు, అమ్మ ఫోన్‌లో నీకు మెసేజ్ పెడితే నీకంటే ముందు అమ్మే చదువుతుంది. అందుకని ఈ తిప్పలు.

అమ్మ సంగతి ముందు చెప్తా. ఇప్పుడు స్కూల్లో అమ్మని ఎవరూ పీటీ మేడం అనట్లేదు, నీళ్ళ మేడం అంటున్నారు. పిల్లలు నీళ్ళు తాగక గ్రౌండ్‌లో కళ్ళు తిరిగి పడిపోతున్నారని అమ్మ ఒక స్కీమ్ పెట్టింది. అందరూ లీటరు బాటిల్ తెచ్చుకోవాలి. ఆఖరి బెల్ కొట్టగానే లేచి నిలబడి, మూత తీసి, బాటిల్‌ని ఎవరి నెత్తి మీద వాళ్ళు బోర్లించుకోవాలి. నీళ్ళు మిగిల్చినవాళ్ళు తడుస్తారు. ఎవరూ తడవకపోతే మానిటర్ చుక్క లేదు మేడం అని అరవాలి, ఆ క్లాసుకి కారిడార్ బోర్డు మీద ఒక స్టార్. మా క్లాస్ మానిటర్ ఎవరో ఊహించు. నీళ్ళ మేడం కూతురు ఉండగా ఇంకెవరికి ఇస్తారు?

బోర్డు నిండిపోయింది పిన్నీ. ప్రిన్సిపాల్ సార్ వేరే స్కూలు వాళ్ళని పిలిచి మరీ చూపించారు. అమ్మ మెడలో విజిల్ వేసుకుని ఆ బోర్డు పక్కన నిలబడితే ఎలా ఉంటుందో తెలుసా, ఏదో కప్పు గెలిచిన కెప్టెన్ లాగా. అది మా అమ్మ అని అరవాలనిపిస్తుంది. కానీ నా గొంతు నీకు తెలుసు కదా, అటెండెన్స్‌కే సరిగ్గా పెగలదు.

ఇప్పుడు గుండె గుభేలుమనే సంగతి. ఈ నెలాఖరు శుక్రవారం హెల్త్ డిపార్ట్‌మెంట్ నుంచి ఒక పెద్దావిడ వస్తారట. ఆరోగ్యంగా, హాయిగా ఉండాలంటే ఏం కావాలో పిల్లల నోటితోనే వింటారట. స్కూలు తరఫున మాట్లాడేది నేను. ఏం మాట్లాడాలో అమ్మ రాసి కూడా ఇచ్చింది. పళ్ళు తినండి, తొందరగా పడుకోండి, నీళ్ళు బాగా తాగండి. పిల్లల అభిప్రాయం అంతా అమ్మ చేతిరాతలో ఉంది.

ఇంతకీ నీకు రాస్తున్నది దీనికోసం కాదు. మా క్లాసులో ఒక పిల్ల ఉంది. దాని గురించి.

కిందటేడు ఒకటో క్లాసు పాప టాయిలెట్‌లో గడియ పెట్టుకుని, మళ్ళీ తీసుకోలేక, ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లింది. తలుపు పగలగొట్టి తీశారు. మర్నాడే ప్రిన్సిపాల్ సార్ గర్ల్స్ టాయిలెట్‌లో గడియలన్నీ ఊడబీకించారు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టినట్టు. పేరెంట్స్ అడిగితే చూద్దాం అన్నారు, ఇంకా చూస్తూనే ఉన్నారు. అప్పటినుంచి మేం జంటగా వెళ్ళాలి. ఒకరు లోపల, ఇంకొకరు బయట తలుపుకి వీపు ఆనించి కాపలా. ఆ తలుపులు వదిలేస్తే వాటంతట అవే బయటికి తెరుచుకునే రకం. బ్రేక్ అయిపోయేసరికి సగం లైను వంతు రాకుండానే వెనక్కి వచ్చేస్తుంది.

ఆ పిల్లకి ఒకరోజు కాపలా నిలబడింది దాని బెంచ్‌మేట్. మేం మైకు అంటాం, నోరు మూతపడదు దానికి. ఎవరో ఏదో జోకేస్తే మైకు పగలబడి నవ్వుతూ రెండడుగులు ముందుకు వచ్చేసింది. తలుపు తెరుచుకుంది. లైన్‌లో ఉన్న పెద్ద క్లాసు అక్కలందరూ చూశారు. అందరూ నవ్వారు. ఆ పిల్ల అప్పటినుంచి స్కూల్లో నీళ్ళు ముట్టుకోవట్లేదు.

మరి స్టార్ ఎలా వస్తుందంటావా? ఆఖరి పీరియడ్ ముందు బాటిల్ తీసుకెళ్ళి కారిడార్‌లో పూలకుండీలో పోసేస్తుంది. తానొక్కతే అనుకుంది మొదట. తీరా కుండీ దగ్గరికి వెళ్తే అక్కడ క్యూ ఉంది పిన్నీ! గర్ల్స్ అందరూ అదే పని. మా వైపు మొక్కలన్నీ వేళ్ళు కుళ్ళి చచ్చిపోయాయి, బాయ్స్ వైపువి నవనవలాడుతున్నాయి. అమ్మ పాపం పురుగు పట్టిందనుకుని మట్టి మార్పించింది.

ఆ పిల్లకి ఇప్పుడు ఒంటికి వెళ్తే మంట. నడుము దగ్గర నొప్పి. సాయంత్రం అయ్యేసరికి ఒళ్ళు వెచ్చగా ఉంటోంది. తేలు కుట్టిన దొంగలా ఎవరికీ చెప్పుకోలేక తిరుగుతోంది. నువ్వు పొద్దస్తమానం బస్సు తోలతావు కదా, నీకు ఇలాంటివి తెలిసుంటాయని అడుగుతున్నా. కిడ్నీలు పోతాయా? చచ్చిపోతారా?

ఆ పిల్ల కోసమే సుమా.

ఇట్లు,
నీ పిట్ట

తా.క. జవాబు మన ఇంటికి వేయకు. మైకు వాళ్ళ అడ్రస్ కవరు వెనక రాశా. ఆ నవ్వు నవ్వినందుకు అది నాకు ఈ జన్మంతా పోస్ట్‌మ్యాన్ పని చేస్తానని ఒట్టు పెట్టుకుంది. అంటే, ఆ పిల్లకి.


బుధవారం, స్కూల్ నుంచి వచ్చాక

పూజ్యులైన పిన్నిగారికి,

నమస్కారాలు అవీ అయ్యాయి అనుకో. ఇక్కడ మేమంతా క్షేమం అని ఈసారి రాయట్లేదు, నువ్వు ఎలాగూ నమ్మవు.

నీ జవాబు పోయిన వారమే మైకు తన లంచ్ బాక్స్ కింద దాచి తెచ్చింది. ఆ పిల్లకి కుడి మోకాలి మీద సైకిల్ మీంచి పడ్డ మచ్చ ఉందేమో చూడమన్నావు. చూశా. ఉంది.

నవ్వి, ఏడ్చి, మళ్ళీ నవ్వి, బకెట్ మీంచి పడబోయా.

నువ్వు చెప్పినట్టే చేశా. జ్వరంగా ఉందని మాత్రం అమ్మకి చెప్పా. అమ్మ ఆ సాయంత్రమే లేడీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది. చిన్న క్లినిక్, గోడకి నవ్వుతున్న పాపాయి క్యాలెండర్. డాక్టర్ నన్ను ఏది అడిగినా అమ్మే జవాబు చెప్పింది. ఎప్పటినుంచి జ్వరం అంటే అమ్మ చెప్పింది. మంట ఉందా అంటే లేదని అమ్మే చెప్పింది, నా లోపలికి వెళ్ళి చూసొచ్చినట్టు. నీళ్ళు తాగుతుందా అంటే అయ్యో డాక్టర్‌గారూ, మా స్కూల్లో నేను పెట్టిన స్కీమే అది, రోజూ లీటరు ఖాళీ చేస్తుంది అని గర్వంగా అంది. నేను గంగిరెద్దులా తలూపా.

ఆ డాక్టర్ తెలివైనావిడ. అమ్మా, బయట నర్స్‌ దగ్గర బీపీ చూపించుకోండి, మీరు అలసటగా ఉన్నారు అని అమ్మని పంపించేసింది. తలుపు వేసి, కుర్చీ నా దగ్గరికి జరుపుకుని, ఇప్పుడు నువ్వు చెప్పు అంది. అంతే. ఇప్పుడు నువ్వు చెప్పు. ఆ మాట ఎవరూ నన్ను ఇంతవరకు అడగలేదని అప్పుడు తెలిసింది. మొత్తం కక్కేశా. తలుపు, మైకు, అక్కల నవ్వు, పూలకుండీ. ఆవిడ కంగారు పడలేదు, నవ్వలేదు. టెస్టులు చేయించి చూసి, మూత్రంలో ఇన్ఫెక్షన్, మందు వేసుకుంటే తగ్గిపోతుంది, కిడ్నీలు నిక్షేపంగా ఉన్నాయి, కానీ నీళ్ళు తాగకపోతే మళ్ళీ వస్తుంది అంది. మీ అమ్మకి ఇన్ఫెక్షన్ సంగతి నేను చెప్తా, తలుపు సంగతి నువ్వే చెప్పు, అది నీ మాట అంది.

అమ్మకి చెప్పాల్సిందే కదా. ఇంటికి వచ్చాక చెప్దామనే వెళ్ళా. అమ్మ నేల మీద కూర్చుని రంగు కాగితం మీద కొత్త స్టార్లు కత్తిరిస్తోంది, శుక్రవారం కోసం. కూనిరాగం తీస్తోంది. రోజూ లీటరు తాగే పిల్లకి ఇన్ఫెక్షన్ ఎలా వచ్చిందబ్బా అని ఒక నిమిషం ఆలోచించి, అయితే లీటరు చాలట్లేదన్నమాట అని లేచి, ఇంకో బాటిల్ కడిగి నా బ్యాగ్‌లో పెట్టింది.

ఇప్పుడు నాకు రెండు బాటిళ్ళు పిన్నీ! పూలకుండీ నన్ను చూస్తేనే భయపడుతోంది.

మందు పనిచేస్తోంది, మంట తగ్గింది. కానీ ఇంకోటి మొదలైంది. స్పీచ్ ఇవ్వాలి కాబట్టి, అసలు మావాళ్ళకి ఏం కావాలో అడుగుదామని మెట్ల దగ్గర ఒక్కొక్కరినీ అడిగా. నేను! పదిమందిలో పేరు చెప్పమంటేనే చెమట పట్టే నేను! డాక్టర్ అన్నట్టే అన్నా, ఇప్పుడు నువ్వు చెప్పు అని. ఒక్కరు కూడా పళ్ళు అనలేదు. బాయ్స్‌లో ఒక లావు అబ్బాయి, బరువు చూసేటప్పుడు అంకె గట్టిగా చదవొద్దని చెప్పు, నన్ను బస్తా అంటున్నారు అన్నాడు. వాడు ఎప్పుడూ జోకులేస్తాడు, ఆ రోజు వేయలేదు. ఒకమ్మాయి ట్యూషన్ మీద ట్యూషన్, నాకు ఊరికే కూర్చునే ఒక్క పీరియడ్ ఇప్పించు, చాలు, అంది. టెన్త్ అక్క ఒకావిడ, ఆ రోజు నన్ను చూసి నవ్వినవాళ్ళలో ఒకటి, నా చెయ్యి పట్టుకుని గడియలు పెట్టించవే, నాకూ రెండుసార్లు వచ్చింది ఆ జబ్బు అని చెవిలో చెప్పింది. తర్వాత గర్ల్స్ అందరూ అదే మాట. మాకు తెలియనట్టు ఆరోగ్యం గురించి ఎందుకు చెప్తారు, మాకు తెలుసు, చేయనివ్వమనండి అంది మైకు.

ఆ మాట నా బుర్రలో తిరుగుతూనే ఉంది.

మైకు బుర్రలో మాత్రం ఇంకోటి తిరిగింది. శుక్రవారం ఎవరూ కుండీల్లో పోయొద్దు అంది. ఆ పెద్దావిడ ముందు హాల్లో మొత్తం స్కూలు బాటిళ్ళు బోర్లించి చూపించాలి కదా, ఉన్నది ఉన్నట్టు బోర్లిద్దాం అంది. అందరూ సరే అన్నారు. మానిటర్ నేను. నేను సరే అంటేనే.

పిన్నీ, నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యా. అలా చేస్తే అమ్మ పరువు అందరి ముందు పోతుంది. అమ్మ కష్టపడి నిలబెట్టిన స్కీమ్ అది, మంచికే పెట్టింది కూడా. ముందే చెప్తే అమ్మ ప్రిన్సిపాల్ సార్ దగ్గరికి వెళ్తుంది, సార్ చూద్దాం అంటారు, శుక్రవారం గడిచిపోతుంది, మళ్ళీ కుండీలే. చెప్పకపోతే ఒకటో క్లాసు చిన్నపిల్లలు కూడా మమ్మల్ని చూసి నేర్చుకుంటున్నారు. నిన్న ఒక చిట్టిది తన బుల్లి బాటిల్ తెచ్చి నా పక్కన నిలబడి కుండీలో పోసింది. పోసి, నన్ను చూసి నవ్వింది, గొప్ప పని చేసినట్టు.

నీ ఉత్తరంలో ఆఖరి మాట మళ్ళీ మళ్ళీ చదువుతున్నా. సిగ్గుపడాల్సింది తలుపు లేనివాళ్ళు కాదే పిట్టా, తలుపు పెట్టనివాళ్ళు అన్నావు. చదవడానికి బాగుంది. హాల్లో నిలబడాల్సింది మాత్రం నేను.

అమ్మ పిలుస్తోంది, ఆపేస్తున్నా.

నీ పిట్ట


ఆదివారం, మధ్యాహ్నం

పూజ్యులైన పిన్నిగారికి పిట్ట నమస్కరించి రాయునది,

ఇక్కడ మేమంతా క్షేమం. ఈసారి నిజమా అని అడగొచ్చు.

వరసగా చెప్తా, మధ్యలో ఎగిరి చివరికి వెళ్ళకు, నీకా అలవాటు ఉంది.

శుక్రవారం హాలు కిక్కిరిసిపోయింది. ఒక వైపు బాయ్స్, ఒక వైపు గర్ల్స్. స్టేజి మీద ప్రిన్సిపాల్ సార్, ఆ పెద్దావిడ, టీచర్లు. పక్కన స్టాండు మీద మా స్టార్ల బోర్డు కూడా తెచ్చి పెట్టారు. ఆవిడ కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని అందరినీ పైనుంచి చూసే రకం అనుకున్నా, కానీ చెప్పులు విప్పి టేబుల్ కింద కాళ్ళు చాపుకుని కూర్చుంది, కొంచెం ధైర్యం వచ్చింది. అమ్మ మైకు పట్టుకుని (మా మైకు కాదు, అసలు మైకు) స్కీమ్ గురించి చెప్పింది. ఎంత బాగా చెప్పిందో. ఒక్కసారి కూడా తడబడలేదు. అమ్మ చెప్తున్నంతసేపూ వద్దు, వద్దు, వీళ్ళకి వద్దని చెప్పేద్దాం అనుకున్నా. వెనక్కి తిరిగితే అంతమంది గర్ల్స్ ఒళ్ళో నిండు బాటిళ్ళు. ఆ చిట్టిది ముందు వరసలో తన బుల్లి బాటిల్‌ని రెండు చేతుల్తో పట్టుకుని ఉంది.

వద్దనలేదు.

అమ్మ విజిల్ వేసింది. అందరం లేచాం. మూతలు తీశాం. బోర్లించాం.

పిన్నీ, ఆ చప్పుడు! బాయ్స్ వైపు ఏమీ లేదు, నిశ్శబ్దం. మా వైపు వాన. జుట్టు మీద, మొహాల మీద, యూనిఫాంల మీద. చిట్టిది కెవ్వుమని నవ్వింది చల్లగా తగిలి. నాకు రెండు బాటిళ్ళు కదా, రెండూ పోసుకున్నా. నీళ్ళు నేల మీద పారుకుంటూ స్టేజి దాకా వెళ్ళాయి, వేదిక కింద ఉన్న బ్యాగులన్నీ ఎత్తుకోవాల్సి వచ్చింది. టీచర్లు లేచి నిలబడ్డారు. అమ్మ నోట్లో విజిల్ అలాగే ఉండిపోయింది. నన్నే చూస్తోంది.

మానిటర్ అరవాలి కదా. రోజూ చుక్క లేదు అని గొణిగేదాన్ని. మొత్తం ఉంది మేడం అన్నా. గొంతు పెగలదనుకున్నానా, హాలు చివరిదాకా వినపడిందట.

ప్రిన్సిపాల్ సార్ మొహం కందగడ్డ అయింది. ఏంటీ అల్లరి, ఎవరు చేయించారు అని అరిచారు. ఆ పెద్దావిడ చెయ్యెత్తి సార్‌ని ఆపి, నన్ను పిలిచి, ఏమైందమ్మా, ఇప్పుడు నువ్వు చెప్పు అంది. అదే మాట! ఈవిడకెలా తెలుసో ఆ మాట.

స్టేజి ఎక్కా. అమ్మ రాసిచ్చిన కాగితం తడిసి ముద్దయిపోయింది, అదీ మంచికే. ఏం మాట్లాడానో నాకు సరిగ్గా గుర్తులేదు. మైకు చెప్పినదాన్ని బట్టి రాస్తున్నా. నీళ్ళు తాగితే మంచిదని మాకు తెలుసు మేడం అన్నానట. మా పీటీ మేడం చాలా బాగా చెప్పారు, అందుకే మాకందరికీ తెలుసు. కానీ తాగితే వెళ్ళాలి. వెళ్తే తలుపుకి గడియ లేదు. తలుపు తెరుచుకుంటే నవ్వుతారు. నవ్వితే మళ్ళీ తాగం. తాగకపోతే జబ్బు. నాకొచ్చింది. ఇక్కడ ఇంకా చాలామందికి వచ్చింది. మీరు మమ్మల్ని ఆరోగ్యానికి ఏం కావాలి అని అడిగారు. గడియ కావాలి. బరువు చూసినప్పుడు అంకె మాకొక్కరికే చెప్పాలి. డాక్టర్ దగ్గరికి వెళ్తే మమ్మల్నే అడగాలి. ఊరికే కూర్చోడానికి ఒక పీరియడ్ కావాలి. ఇంతే మేడం, పళ్ళు ఇంట్లో తింటాం.

పళ్ళు అనగానే హాలంతా నవ్వింది. అది ఆ పాత నవ్వు కాదు పిన్నీ. తేడా చెవికి తెలుస్తుంది.

బాయ్స్ వైపునుంచి ఆ లావు అబ్బాయి ఒక్కడే లేచి చప్పట్లు మొదలుపెట్టాడు. ఆ టెన్త్ అక్క లేచి నాకూ వచ్చింది మేడం అంది. దాని పక్కది లేచింది. తర్వాత ఇంకొకతి. జుట్టు కారుతూ, ముక్కులు తుడుచుకుంటూ, ఒక్కొక్కరే నాకూ, నాకూ అని. మేం ఇంతమందిమి అని మాకే తెలియదు.

సార్ మాత్రం తగ్గలేదు. పిల్లలు గడియ పెట్టుకుని ఇరుక్కుంటే బాధ్యత ఎవరిది, మేడం కూతురే ఇలా చేస్తే మేడం స్కీమ్ అంతా ఉత్తదేనా అని అమ్మ వైపు తిరిగారు. అప్పుడు నా ప్రాణం పోయింది. నాకు భయం వేసింది ఆ ఒక్క ప్రశ్నకే. అమ్మ బోర్డు దగ్గరికి నడిచింది. స్టార్లన్నీ ఒక్కొక్కటీ పీకింది. ఇవి తప్పు లెక్క సార్, ఖాళీ బాటిల్ చూశాను గానీ పిల్లని చూడలేదు అంది. అందరి ముందు అంది. తర్వాత అమ్మ ఇంకో పని చేసింది. అది నీకు రాయొద్దని నాకు ఆర్డర్, కాబట్టి రాయట్లేదు. ఆ పని చూశాక మాత్రం ఆ పెద్దావిడ చెప్పులేసుకుని లేచి, ముందు ఆ తలుపులు చూపించండి అంది.

చూసింది. తానే లోపలికి వెళ్ళి నిలబడి తలుపు వదిలి చూసింది. తెరుచుకుంది. సార్ వైపు చూసింది.

చూద్దాం అనే మాట ఆ రోజు సార్ నోట్లోంచి రాలేదు. నిన్న శనివారం, సగం పూట. నాన్న తన ప్రింటింగ్ ప్రెస్సులో సెలవు పెట్టి టూల్ బాక్స్ పట్టుకుని వచ్చాడు. కానీ బిగించింది మేమే. నాన్న ఒక్కటి బిగించి చూపించాడు, మిగతావి అమ్మా, నేనూ, మైకూ, టెన్త్ అక్కలూ. మొదటిది నేను వంకరగా పెట్టా, గడియ ఒక చోట, కన్నం ఒక చోట. మైకు పడీ పడీ నవ్వింది, కాపలా కాస్తూనే నవ్వింది, ఒక్క అడుగు కూడా కదల్లేదు. చిన్నపిల్లల టాయిలెట్‌కి గడియ బదులు కొక్కెం పెట్టాం. లోపల ఎవరైనా ఇరుక్కుంటే బయటినుంచి సందులో స్కేలు దూర్చి పైకి లేపితే వచ్చేస్తుంది. ఆ ఉపాయం నాది. సార్ స్కేలు తీసుకుని తానే రెండుసార్లు లేపి చూశారు. ఊఁ అన్నారు. సార్ ఊఁ అంటే వేరేవాళ్ళు శెభాష్ అన్నట్టు.

అన్నీ అయ్యాక నేను లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుని, ఊరికే కాసేపు నిలబడ్డా. అవసరం లేదు, అయినా. ఎంత చిన్న చప్పుడు పిన్నీ, టక్ అని. అంతే. బయట అందరూ మాట్లాడుకుంటున్నారు, నేను లోపల ఒక్కదాన్నే, నవ్వుకుంటున్నా.

బాటిల్ సగం తాగేసి వచ్చా ఇంటికి.

స్కీమ్ ఉంది, పోలేదు. బోర్లించడం మాత్రం మానేశాం. బోర్డు మీద ఈసారి ఏం పెట్టాలో అమ్మ మమ్మల్నే అడిగింది. బతికిన మొక్క పేరు రాద్దాం అన్నాడు బస్తా. అయ్యో, ఆ పేరు మానేశాం కదా. మన లావు అబ్బాయి.

నీ డిపోలో కూడా గడియ వంకరగా ఉంటే చెప్పు, వస్తాం.

ఇట్లు,
స్క్రూడ్రైవర్ పట్టిన నీ పిట్ట

తా.క. పిన్నీ, నా నోట్లో నువ్వుగింజ నానుతుందని నీకు తెలుసు. ఎన్ని దాచానో. కానీ ఇది నానట్లేదు. అమ్మ చేసిన ఆ పని రాసేస్తున్నా.

స్టార్లన్నీ పీకాక అమ్మ టేబుల్ మీద ఉన్న తన స్టీల్ బాటిల్ తీసుకుంది. రోజూ మోసుకెళ్ళే బాటిల్. మూత తిప్పి, మా అందరి వైపు తిరిగి, తన నెత్తి మీద బోర్లించుకుంది. నిండుగా ఉంది పిన్నీ. పొద్దున్న ఇంట్లో నింపిన నీళ్ళు నింపినట్టే ఉన్నాయి. జుట్టంతా తడిసి, విజిల్ మీంచి నీళ్ళు కారుతుంటే, నాదీ మిగిలిపోయింది సార్ అంది. స్టాఫ్ టాయిలెట్ తాళం ఆఫీసులో క్లర్కు దగ్గర ఉంటుందట. వెళ్ళి అడిగితే ఆయన అంతమంది మగవాళ్ళ మధ్య మేడంగారికి తాళం కావాలట అని గట్టిగా అంటాడట. అమ్మ అడగడం మానేసిందట. ఉద్యోగంలో చేరినప్పటినుంచి. మా అందరికీ నీళ్ళు తాగమని చెప్పిన మనిషి.

అమ్మ పరువు పోతుందని భయపడ్డా కదా. అలా తడిసి నిలబడ్డ అమ్మని చూశాక నాకు పరువు అంటే ఏంటో కొత్తగా తెలిసింది. ఆ బోర్డు పక్కన నిలబడినప్పుడు కూడా అంత అందంగా లేదు. అది మా అమ్మ అని ఈసారి నిజంగానే అరిచా. హాలంతా విన్నారు.

ఇంటికి నడుస్తుంటే ఇద్దరం తడిసిన కోళ్ళలా ఉన్నాం. అమ్మ నా జుట్టు పిండుతూ, మీ పిన్నికి రాసేటప్పుడు ఇది మాత్రం రాయకే, బస్సు తోలుతూ నీళ్ళు తాగవని దాన్ని ఎన్నేళ్ళు తిట్టానో, చెప్పేవి శ్రీరంగనీతులు అని జన్మంతా దెప్పుతుంది అంది. సరే అన్నా.

గుమ్మం దగ్గరికి వచ్చాక వెలిగింది. నీకు ఉత్తరాలు రాస్తున్నట్టు నేను అమ్మకి ఎప్పుడు చెప్పా?

సాక్సులు ఉతికేది అమ్మే కదా, పిన్నీ.

అయితే ఆ సాక్సు మీద ఎంత చదివిందో, తలుపు సంగతి కూడా అందులో ఉం

తలుపు కొడుతున్నారు. అమ్మే. కొట్టి, ఆగింది. తొందరేం లేదులే, నిదానంగానే రా అంటోంది. కాగితాలు బకెట్ కింద పెట్టేస్తు